దాచిన సొత్తును పురుగుల బారి నుండి కాపాడుకొనుట



రోహిణి కార్తె యెండలు తగ్గి, మృగశిర ప్రవేశించి, తొలకరి చినుకులు నేలపై బడినంతనే రైతునకు సంతోషము కలుగును. కాని అదే దినమున మన గృహములలో దాచియుంచిన ధాన్యమునకును, వస్త్రములకును, పుస్తకములకును కష్టకాలము ప్రారంభమగును. ఈ పాఠమున ఆ కష్టము ఎట్లు కలుగునో, దాని నెట్లు నివారింపవచ్చునో తెలియజెప్ప దలచినారము.

మాలో ఒకరి యింట జరిగిన చిన్న సంగతితో ప్రారంభింతుము. ఆ యింటి అవ్వ తన పెండ్లినాటి గద్వాల చీరను రేకుపెట్టె యడుగున దాచి, మనుమరాలి పెండ్లి కియ్యవలెనని ఏండ్ల తరబడి కాపాడుచుండెను. ఒక శ్రావణమాసమున పెట్టె తెరచి చూడగా చీర అంచును కొంగును జల్లెడవలె రంధ్రములు పడియుండెను. నడుమనున్న నూలు భాగము మాత్రము చెక్కు చెదరక యుండెను. అవ్వ కంట నీరు పెట్టుకొని, “ముసురు పట్టిందంటే పురుగు పుట్టుడే గదా బిడ్డా, మనమేం జేస్తం” అన్నది.

ఆ మాటలో రెండు ప్రశ్నలున్నవి. ముసురు వలన పురుగు పుట్టునా? పుట్టినచో అది నూలును విడిచి పట్టునే యేల తినెను? ఈ రెంటికి సమాధానము తెలిసికొనిన యెడల “మనమేమి చేయుదుము” అను నిరాశకు చోటుండదు.

1. పురుగు ఎచ్చటి నుండి వచ్చును?

కుళ్లిన పదార్థము నుండి పురుగులు తమంతట తాము పుట్టునని పూర్వము అనేక దేశములలో పండితులు సైతము నమ్మిరి. ఇటలీ దేశపు వైద్యుడైన ఫ్రాంచెస్కో రెడీ దీనిని పరీక్షింప దలచెను. అతడు కొన్ని పాత్రలలో మాంసమునుంచి, కొన్నిటిని తెరచియుంచి, కొన్నిటి మూతికి పలుచని వస్త్రము కట్టెను. తెరచిన పాత్రలలో పురుగులు పడెను. వస్త్రము కట్టినవానిలో మాంసము కుళ్లెను గాని పురుగు పడలేదు. ఈగ వ్రాలి గ్రుడ్లు పెట్టినచోటనే పురుగు పుట్టునని ఇట్లు తేలెను. రెడీ ఈ సంగతిని 1668లో ప్రకటించెను.

మన యింటి పురుగులకును ఇదియే న్యాయము. తల్లి లేక పిల్ల లేదు. ముసురు పురుగును పుట్టింపదు, పెంచును. గాలిలో తేమ హెచ్చినప్పుడు గింజ మెత్తబడును, ఎండలు తగ్గి పురుగునకు అనుకూలమైన వెచ్చదనము నిలుచును, అంతకుమున్నే చేరియున్న గ్రుడ్లు పొదిగి సంతతి వృద్ధియగును. కావున మన యుద్ధము వానాకాలమున గాక, దానికి ముందే ఎండకాలమున జరుగవలయును. ఈ పాఠమునకంతకు ఇదియే సారము.

2. ధాన్యము, పప్పుదినుసులు

బియ్యమును జొన్నలను పాడుచేయు ముక్కపురుగును మీరందరు చూచియే యుందురు. దాని తల ముందుకు సాగి ముక్కువలె నుండును. ఆడుపురుగు ఆ ముక్కుతో గింజకు చిన్న తూటు చేసి, అందొక గ్రుడ్డు పెట్టి, పైన జిగురుతో పూడ్చివేయును. పిల్ల గింజలోపలనే తిని, లోపలనే పెరిగి, రెక్కలు వచ్చిన పిదప వెలుపలికి వచ్చును. అందువలన పైకి చక్కగా కనబడు గింజలోపల శత్రువుండవచ్చును.

ఒక ఆడుపురుగు తన జీవితకాలమున మూడు నాలుగు వందల వరకు గ్రుడ్లు పెట్టగలదు. వానకాలపు వెచ్చని దినములలో గ్రుడ్డు పురుగగుటకు సుమారొక నెల చాలును. లెక్కలు నేర్చినవారు లెక్క వేయుడు: 300 గ్రుడ్లలో సగము ఆడువైనచో 150. అవి ఒక్కొక్కటి 300 చొప్పున పెట్టినచో రెండవ తరమునకు 45,000. అన్నియు బ్రతుకవు గాని, జ్యేష్ఠమున కానరాని పురుగు భాద్రపదమున బస్తానిండ నేల యుండునో ఇందువలన బోధపడును.

కందులు, పెసలు, అలసందలను పుచ్చజేయు పురుగు వేరు. అది గ్రుడ్లను గింజపైననే అంటించును. పెసరగింజపై తెల్లని చుక్కవంటిది కనబడినచో అది గ్రుడ్డే యని తెలియవలెను. పిల్ల గింజలోనికి తొలుచుకొని పోవును. పెరిగిన పురుగు గుండ్రని రంధ్రము చేసికొని వెలుపడును. ఈ పురుగు చేలలో పండుచున్న కాయలపైన గూడ వ్రాలి గ్రుడ్లు పెట్టును. అనగా శత్రువు మన బండిలోనే కూర్చుండి ఇల్లు చేరుచున్నాడు. మూత గట్టిగా బిగించిన డబ్బాలో గూడ పెసలు పుచ్చుట కిదియే కారణము.

దీనికి మన పెద్దలు కనుగొనిన యుపాయములు వ్యర్థములు కావు. వాని కారణము తెలిసికొని వాడినచో మరింత ఫలించును.

ఎండబెట్టుట: వేసవిలో నల్లని పాలిథిన్ పట్టాపై పప్పుదినుసులను పలుచగా పరచి, పైన తెల్లని పారదర్శకమైన పట్టా కప్పి అంచులు మూసినచో, లోపలి వేడి 60 డిగ్రీలు మించును. ఆ వేడికి గింజలోని గ్రుడ్లును పిల్లలును నశించును. ఈ పద్ధతి తినుటకుంచు గింజలకే గాని విత్తనములకు కాదు. మిక్కిలి వేడికి మొలక చెడవచ్చును. ఎండిన గింజను చల్లారనిచ్చి నింపవలెను. వేడిగా మూసినచో లోపల చెమ్మపట్టి బూజుపట్టును.

నూనె పట్టించుట: కిలో పప్పుదినుసునకు ఒక చిన్న చెంచాడు, అనగా సుమారు 5 మిల్లీలీటర్ల నూనె పట్టించినచో, గింజపై పెట్టిన గ్రుడ్డునకు గాలి యాడక చచ్చును. మన పాలమూరు సీమలో పూర్వము ఆముదపు పంట సమృద్ధిగా నుండుటచే అవ్వలు కందులకు ఆముదము పట్టించుట వాడుకయైనది.

బూడిద, ఎఱ్ఱమన్ను: వీనివలన గింజల నడుమ సందులు నిండి పురుగు కదలలేదు. అంతేగాక, పురుగు మేనిపై నుండు మైనపు పూత ఒరసికొనిపోయి, దాని యొడలిలోని నీరారి చచ్చును.

వేపాకు: వేపలోని చేదు పదార్థము పురుగును దూరపరచి, దాని పెరుగుదలను మందగింపజేయును. కాని పచ్చి ఆకును బస్తాలో వేయరాదు. అది తేమను తెచ్చి మేలునకు బదులు కీడు చేయును. నీడలో బాగుగా ఎండిన ఆకునే వాడవలెను. వేపాకున్నదిగదా యని ఎండబెట్టుట మానరాదు.

గింజ ఎండినదో లేదో తెలిసికొనుట కొక సులభమైన పరీక్ష కలదు. పొడిగా నున్న గాజుసీసాలో మూడవవంతు గింజలు పోసి, గుప్పెడు పొడియుప్పు వేసి, మూత బిగించి రెండు మూడు నిమిషములు కుదిపి, పావుగంట యుంచుడు. ఉప్పు సీసా గోడకు అంటుకొనినచో గింజలో తేమ హెచ్చుగా నున్నది. అంటుకొననిచో నిలువచేయదగిన ఆరుదల వచ్చినది.

3. వేరుశనగ, చింతపండు

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతములలో యాసంగి వేరుశనగ మనకు ముఖ్యమైన పంట. ఎండకాలమున ఇల్లు చేరిన కాయను కొందరు మరల విత్తుకాలము వరకు దాచుదురు. తిండిగింజ పోయినచో ఒక పూట పోయినట్లు. విత్తనము పోయినచో ఒక సంవత్సరము పోయినట్లు. చేతిలో విత్తనము లేని రైతు అప్పుచేసి కొనవలసి వచ్చును. ఆ అప్పునకు మూలము ఒక్కొక్కప్పుడు గోరంత పురుగే.

వేరుశనగ కాయను తొలుచు పురుగు చింతకాయలలో గూడ పెరుగును. ఇది చాలమంది యెరుగని సంగతి. వేసవిలో చింతపండు కొట్టి, గింజలు తీసి, ఆ చింతగింజల గంపను వేరుశనగ బస్తాల ప్రక్కనే యుంచుట మన గ్రామములలో సామాన్యము. అట్లు చేయుట దొంగకు మన యింటనే బస యిచ్చుట వంటిది. చింతగింజలను చింతకాయలను వేరొక గదిలో దూరముగా నుంచవలెను.

విత్తనపు కాయను తీవ్రమైన ఎండలో మాడ్చక, పలుచని యెండలోగాని నీడలోగాని ఆరబెట్టవలెను. కాయను చెవివద్ద ఊపినప్పుడు లోపలి గింజ గలగల మ్రోగినచో ఆరినట్లు. విత్తనమును కాయగానే దాచవలెను. పైబెరడు దానికి దేవుడిచ్చిన కవచము. పగిలిన కాయలను ముందుగా ఏరివేయవలెను. బస్తాలను నేలపై గాక చెక్కలపైనో రాళ్లపైనో, గోడకు జానెడు ఎడముగా పేర్చవలెను. పాత గోనెసంచులను వాడునప్పుడు వానిని తిరగవేసి దులిపి, మరుగునీట ముంచి, ఎండబెట్టవలెను. కుట్టు సందులలో నిరుటి పురుగు దాగియుండును. కొట్టుగది గోడల నెఱ్ఱెలను మట్టితోగాని సున్నముతోగాని పూడ్చవలెను. గోధుమలను పాడుచేయు ఖప్రా అను ఒకజాతి పురుగుపిల్ల ఎఱ్ఱెలలో దూరి, తిండి లేకయే నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి బ్రతికియుండగలదు. గది ఖాళీగా నున్నది గనుక శుభ్రముగా నున్నదని తలచరాదు.

4. వస్త్రములు

ఇప్పుడు అవ్వ చీర వద్దకు వత్తము. గద్వాల చీర ప్రత్యేకత మన కందరకు తెలిసినదే. నడుమ నూలు, అంచును కొంగును పట్టు. ఈ రెంటిని కుట్టక, నేతలోనే పోగును పోగుతో పెనవైచి కలుపుదురు. నూలు చెట్టు నుండి వచ్చినది. పట్టు పురుగు నుండి, ఉన్ని గొఱ్ఱె నుండి వచ్చినవి. ప్రాణుల నుండి వచ్చిన నారను జీర్ణించుకొనగల పురుగులు కొన్ని కలవు. బట్టలను కొట్టు చిమ్మెటయు, ఉన్నిని పట్టును తొలుచు చిన్న పెంకుపురుగు జాతియు అట్టివి. వీనిలో తినునది పెద్ద పురుగు కాదు, పిల్లపురుగు. చిమ్మెట పెద్దదైన పిదప ఆహారమే ముట్టదు. ఆ పెంకుపురుగు పెద్దదైనచో పూలపుప్పొడి తినును. తల్లి పెట్టెలో గ్రుడ్లు పెట్టిపోవును. చీకటిలో పిల్ల భుజించును. అందుచేతనే అవ్వ చీరలో పట్టు పోయి నూలు నిలిచెను.

అయినను నూలు క్షేమమని తలచరాదు. వెండివలె మెరయుచు వేగముగా జారిపోవు చిన్న పురుగొకటి పుస్తకములలోను బట్టలలోను తిరుగును. దానికి గంజి ప్రియము. గంజిపెట్టిన నూలుబట్టను అది కొరుకును. చెమటయు, కూరమరకయు ఉన్నచోట పురుగులు నూలునైనను విడువవు.

కావున వస్త్రములు దాచు విధమిది. దాచుటకు ముందు మరకలు లేకుండ శుభ్రపరచవలెను. గంజి పెట్టి దాచరాదు. నీడలో గాలి తగులునట్లు ఆరవేసి, దులిపి, గంజిలేని మెత్తని పాత నూలుబట్టలో చుట్టవలెను. పెట్టెయడుగును మూలలను తుడువవలెను. జరీచీర మడతలను మూడు నాలుగు నెలలకొకసారి మార్చి మడవవలెను. లేనిచో పురుగు ముట్టకున్నను మడతవెంబడి చినుగును. అన్నిటికంటె ముఖ్యము, పెట్టెను అప్పుడప్పుడు తెరచుట. చీకటి, నిశ్శబ్దము, మరపు — ఈ మూడును పురుగునకు మిత్రములు. అవ్వ చీరను ప్రేమించినది గాని ఏండ్ల తరబడి తెరచి చూడలేదు.

5. కాగితములు, చెదలు

తొలకరి వాన కురిసిన సాయంకాలమున దీపముచుట్టు ఉసిళ్లు మూగుట మీరెరుగుదురు. అవి రెక్కలు వచ్చిన చెదపురుగులే. రెక్కలు రాల్చి జంటలై నేలలో దూరి క్రొత్త పుట్టకు పునాది వేయును. వాని సంతతి తడినేల నుండి మట్టిగొట్టములు కట్టుకొనుచు గోడవెంబడి ప్రాకి, చెక్కపెట్టెను, కాగితమును, బట్టను తినును. చెదపురుగు ఆరుగాలిని వెలుతురును సహింపలేదు; అందుకే గొట్టము కట్టుకొనును. గొట్టమును త్రుంచి, అది వచ్చిన దారిని వెదకి పూడ్చి, గోడకు తడి యెచ్చటినుండి దిగుచున్నదో చూచి మాన్పవలెను. పుస్తకముల బీరువాను, కాగితముల పెట్టెను గోడకు ఆనింపక, రాతిదిమ్మెలపై నిలుపవలెను.

పట్టాదారు పాసుపుస్తకము, జననపత్రము, పరీక్షలో నుత్తీర్ణులైన ధ్రువపత్రము మొదలగువాని విలువ అవి పోయినప్పుడు గాని తెలియదు. ఒక్కొక్క కాగితము వెనుక కార్యాలయములచుట్టు తిరుగుట ఎన్నో దినములు. వీనిని మూతగల రేకుపెట్టెలోనుంచి, ప్రతులు వేరొకచోట నుంచవలెను. ఇటిక్యాలపాడు గ్రామమునకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో ప్రకటించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు స్థానము లభించెను. అట్టి సంకలనములు ఎవరో ఒకరు తమ యింట కాగితములను చెడకుండ నిలుపుకొనుటచేతనే సాధ్యమగుచున్నవి. మీ తాతగారి చేతివ్రాత పుస్తకము మీ యింటనున్నచో, చెదలకంటె ముందు మీరు దానిని తెరచి చదువుడు.

6. పురుగును చంపబోయి మనుష్యుని చంపరాదు

ఈ భాగమును తలిదండ్రులు శ్రద్ధతో చదువ గోరుచున్నాము.

బస్తాలలో పురుగు చచ్చుటకై వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీను అను విషవాయువును విడుచును. అది సందులగుండ ప్రక్కగదిలోనికి వ్యాపించును. దానికి విరుగుడు మందు లేదు. శిక్షణ పొందినవారు, మనుష్యులు నివసింపని గిడ్డంగులలో మాత్రమే వాడదగిన మందది. ధాన్యపు బస్తాలున్న గదిలోనే పిల్లలు పరుండు ఇండ్లు మన గ్రామములలో కలవు. అట్టి యింట ఒక్క బిళ్లయైనను వేయరాదు. ఒక బస్తా జొన్నలకంటె ఒక పిల్లవాని ప్రాణము గొప్పది.

కలరా ఉండలని మనము పిలుచు నాఫ్తలీను ఉండలను పిల్లలు పిప్పరమెంటు బిళ్లలని నోట వేసికొందురు. అంతేగాక, పుట్టుకతో రక్తములో ఒక రసాయనలోపము గల శిశువులకు ఆ వాసన పట్టిన బట్టలు తొడిగినచో ఎఱ్ఱకణములు చెడి ప్రాణాపాయము కలుగవచ్చును. పసిపిల్లల బట్టలలో ఆ ఉండలు వేయనే కూడదు. తక్కిన బట్టలనైనను ఉతికి గాలికారవేసి కట్టవలెను.

డి.డి.టి. పురుగులను చంపునని పాల్ ముల్లర్ 1939లో కనుగొని, 1948లో నోబెలు బహుమానము పొందెను. ఆనాడు అద్భుతమని కొనియాడబడిన ఆ మందు నేలలోను ప్రాణుల క్రొవ్వులోను చిరకాలము నిలిచి కీడు చేయునని పిమ్మట తెలిసెను. మన దేశమున 1989లో వ్యవసాయమునందు దానిని నిషేధించిరి. విషమును కడపటి యుపాయముగా నెంచవలెనే గాని మొదటి యుపాయముగా కాదని ఈ చరిత్ర బోధించుచున్నది.

పాత పాతరలను గూర్చి యొక మాట. నేలలో త్రవ్విన పాతరలో జొన్నలు నిలుచుటకు కారణము, లోపలి ప్రాణవాయువు తగ్గి పురుగు చచ్చుటయే. నేటి గాలిచొరని సంచులును ఆ సూత్రముతోనే పనిచేయును. కాని పురుగును చంపిన ఆ గాలియే తెరచినవెంటనే దిగిన మనుష్యుని గూడ చంపును. మూత తీసి చాలసేపు గాలి పోనిచ్చి, దీపమును దించి చూడవలెను. దీపమారినచో దిగరాదు. దీపము వెలుగుచున్నను ఒంటరిగా దిగరాదు.

7. మీరు చేయదగిన పరీక్ష

మూడు గాజుసీసాలు, కొంచెము పెసలు తీసికొనుడు. మొదటి సీసాలో పైన చెప్పినట్లు ఎండవేడికి కాచి చల్లార్చిన పెసలు పోసి మూత బిగింపుడు. రెండవదానిలో కాచని పెసలు పోసి మూత బిగింపుడు. మూడవదానిలో కాచినవి పోసి మూత లేకుండ వంటింటిలో నుంచుడు. వారమునకొకసారి మూడు నెలలవరకు చూచి, కనబడినది తేదీతో వ్రాసికొనుడు. రెండవ సీసాలో పురుగు కనబడినచో అది ఎప్పుడు చేరెను? మూడవదానిలో కనబడినచో ఎట్లు చేరెను? ఈ రెండు ప్రశ్నలకు మీ మాటలలో సమాధానము వ్రాయుడు.

ముగింపు

ఎండకాలమున ఎండబెట్టుట, చల్లార్చి మూయుట, నేలకు గోడకు తాకకుండ నుంచుట, పదునైదు దినముల కొకసారి ధాన్యమును, మూడు నెలల కొకసారి వస్త్రములను పుస్తకములను తెరచి చూచుట — ఈ నాలుగు పనులకు ధనవ్యయము లేదు. కావలసినది శ్రద్ధ. సెలవులలో మీ యింట ఈ పనులను మీ రొక్కరే భారముగా పూనక, అవ్వతో గూడ కూర్చుండి చేయుడు. ఆమెకు తెలిసిన ఉపాయము మీకును, మీకు తెలిసిన కారణము ఆమెకును తెలియును.

మేము చెప్పిన ఆ యవ్వ చెడిన అంచును తీసివేసి, మిగిలిన నూలుభాగమును ఉతికి, ఆరవేసి, మెత్తని బట్టలో చుట్టి దాచుకొన్నది. ఇప్పుడు ఏటేట రోహిణి కార్తెలో ఆ పెట్టెను ముంగిట తెరచుచున్నది. మనుమరాలు ప్రక్కన కూర్చుండి మడతలు మార్చుచున్నది. ముసురు వచ్చుచునే యున్నది. పురుగు మాత్రము ఆ పెట్టెలో మరల కనబడలేదు.